గెలిచిన జట్టు పిల్లే గొప్ప పిచ్చర్!

కాస్త దగ్గరికి జరగండి, గట్టిగా చెప్తే సార్లు నొచ్చుకుంటారు. ఈ లోకంలో న్యాయమంటూ మిగిలి ఉంటే, అది సాఫ్ట్‌బాల్ టోర్నమెంటులోనే మిగిలింది!

మొన్న గిద్దలూరులో ఆడపిల్లల పోటీలు జరిగాయి. బంతి విసిరే పిల్లను పిచ్చర్ అంటారు. అవతలివాళ్లకు పరుగులు రానివ్వకపోవడం ఆ పిల్ల పని. పరుగులు తేవడం జట్టంతటి పని. మా కొమరోలు జట్టుకు విసిరేది నా మనవరాలు మల్లి. మూడు ఆటల్లో ఆటకొక్క పరుగే ఇచ్చింది. మరి మా జట్టు తెచ్చినవి? సున్నా, సున్నా, మళ్లీ సున్నా! పొదిలి పిల్ల సరళ ఆటకు తొమ్మిదేసి ఇచ్చింది, వాళ్ల జట్టు పన్నెండేసి కొట్టుకొచ్చింది. ఉత్తమ పిచ్చర్ సరళే! స్టేట్ జట్టులో చోటు కూడా ఆ పిల్లకే!

"ఇదేంది సారూ?" అని పోటీలు నడిపిన బడి ఆటల సారు ఆదిశేషును అడిగాను.

"గెలుపులే లెక్క అవ్వా. సరళవి మూడు, మల్లికి ఒక్కటీ లేదు. ఇంక చూసేదేముంది?"

నిజమే కదా! ఎంత సుఖం! ఎండలో కూర్చుని ఆట చూడనక్కర్లేదు, ఎవరు గెలిచారో ఫోన్‌లో కనుక్కుంటే చాలు. ఇంత మంచి పద్ధతిని ఆటలకే వదిలేస్తామా? మార్కాపురంలో పలకలు కోసే శ్యాంసన్‌కు, ఆ పలక మీద దిద్దిన పిల్లకొచ్చిన మార్కులే వేద్దాం. పిల్ల ఫెయిలైతే కోత వంకర! మా గురవయ్య ఆరు వందల అడుగుల బోరు నిట్టనిలువుగా దించాడు, చుక్క పడలేదు. చేతకానివాడు! పక్క చేలో అడ్డదిడ్డంగా దించినవాడికి నూటయాభైకే నీళ్లు పడ్డాయి. శాలువా కప్పండి! పెళ్లిలో మస్తానమ్మ వంట బాగుందా అని అప్పుడే తేల్చేయకండి. ఏడాది ఆగి, మొగుడూపెళ్లాలు పోట్లాడుకుంటున్నారేమో చూసి చెబుదాం!

ఈ సంతోషమంతా సారుకు చెప్పి, ఒక్క సందేహం అడిగాను.

"నువ్వు ఆటలు నేర్పబట్టి పదకొండేళ్లాయె గదా నాయనా, మీ బడి ఎన్నిసార్లు గెలిచింది?"

సారు విజిల్ తిప్పుకుంటూ చెప్పాడు.

"ఒక్కసారీ లేదవ్వా. అయితే నాదేముంది? నా పని నేను చేసినా. పిల్లోళ్లు కొట్టకపోతే నన్నంటే ఎట్ల?"

ఎంత చక్కగా చెప్పాడు! మల్లికి ఇట్ల చెప్పడం చేతకాక ఏడ్చుకుంటూ బస్సెక్కింది.

స్టేట్ జట్టు జాబితా సోమవారం దాకా పైకి పోదట. అంతలోపు సారు అన్న ఆ మాట, ఒక్క అక్షరం మార్చకుండా గుర్తుపెట్టుకోండి. ఆయన ఎక్కడ కనబడితే అక్కడ, ఆయనకే చెప్పండి.