గోడ మీది మహర్షి

ఆ ఉదయం శ్రీరామమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే, గడ్డం గీయించుకోవడం. మొహమంతా పొక్కులు లేచి చాలా రోజులుగా కత్తి తగలనివ్వలేదు. చిక్కడపల్లిలోని తన ఇంటి మెట్లు దిగుతుంటే చిత్రకారుడు విఠల్ ఎదురొచ్చాడు. నారాయణగూడ భజన మందిరం గోడ మీద త్రికాలజ్ఞుడైన మహర్షి బొమ్మ వేస్తున్నాడతను.

"సార్, జర ఆగున్రి! ఋషులందర్నీ ఒక్క తీరుగనే గీస్తున్నరు. నాకు మీ ముఖం కావాలె. రేపు ఏమైతదో తెల్సినట్టే ఉన్నది."

"తెలియడం కాదయ్యా, దురద!" అన్నాడు శ్రీరామమూర్తి. అయినా మొహమాటపడి కూర్చున్నాడు.

బొమ్మ పూర్తయ్యేసరికి చీకటి పడింది, గడ్డం అలాగే ఉండిపోయింది. మర్నాడు కూరగాయల బండి దగ్గర ఒక కుర్రాడు శ్రీరామమూర్తి కాళ్ళ మీద పడ్డాడు.

"గోడ మీదున్నది మీరే గద స్వామీ! ఆదివారం ఉద్యోగాల పరీక్ష అయితదా?"

గడ్డం గోక్కుంటూ, "వాయిదా పడుతుంది, వెళ్ళవయ్యా!" అని కసిరాడు శ్రీరామమూర్తి.

సాయంత్రానికల్లా ఆ మాట ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళుండే అశోక్‌నగర్ రీడింగ్ రూములన్నిటికీ పాకింది. తెల్లారేసరికి మెట్ల నిండా జనం. "తలుపు తీయలేక చస్తున్నాను, ఏం చెప్పారండీ వీళ్ళకి?" అని భార్య రత్నమాల నిలదీసింది. శ్రీరామమూర్తి పెరటి తలుపు గుండా పారిపోయి మంగలి షాపులో నున్నగా గీయించుకున్నాడు.

తిరిగొస్తుంటే బస్టాపులో ఒక అమ్మాయి సంచులతో కనిపించింది. పేరు నవత. పరీక్షకు చదువుతోందట.

"ఊరికి పోతున్న అంకుల్. నాకిదే ఆఖరి ఛాన్స్, వయసు దాటిపోతది. వాయిదా పడుతదని స్వామి చెప్పిండు, జర కంటినిండ పడుకుంట."

శ్రీరామమూర్తి ఆమె సంచి పట్టుకుని ఆపాడు. "ఆ స్వామిని నేనేనమ్మా! నాకేం తెలీదు! వెళ్ళి చదువుకో!"

నవత అతని నున్నటి చెంపలు చూసింది. "మజాక్ చేయకున్రి అంకుల్," అని బస్సెక్కేసింది.

అశోక్‌నగర్‌లో ప్రతి టీ కొట్టుకూ వెళ్ళి అదే మాట చెప్పాడు. ఎవరూ వినలేదు. కాలు నిలవక నారాయణగూడకు పరుగెత్తాడు. విఠల్ గోడ అంచులకు ఇంకా రంగులు దిద్దుతున్నాడు.

"విఠల్, ఆ మొహానికి కోపం పెట్టు!"

"గట్లెట్ల సార్? శాంతమూర్తి!"

"నువ్వు పెడతావా, నన్ను పెట్టమంటావా?" అంటూ శ్రీరామమూర్తి కుంచె అందుకున్నాడు.

విఠల్ బెదిరిపోయి కుంచె లాక్కున్నాడు. మహర్షి కనుబొమలు ముడిపడ్డాయి. కళ్ళు ఎరుపెక్కాయి. దీవిస్తున్న చెయ్యి వేలెత్తి రీడింగ్ రూముల వైపు చూపించింది.

మర్నాడు ఒకటే గోల. "స్వామికి కోపమొచ్చింది! చదువుతలేమని!" ఫోటో అందరి ఫోన్లకూ పోయింది. కుర్రకారంతా పుస్తకాల మీద పడ్డారు. ఊరెళ్ళిన నవత అదే సంచులతో తిరిగొచ్చి రీడింగ్ రూములో కూర్చుంది. కిటికీలోంచి ఆమెను చూశాక గానీ శ్రీరామమూర్తికి అన్నం సయించలేదు.

శనివారం సాయంత్రం వార్త వచ్చింది. అనివార్య కారణాల వల్ల పరీక్ష వాయిదా పడింది.

రత్నమాల ఫోన్ పక్కన పెట్టి, భర్తను చాలాసేపు తేరిపార చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమండీ, ఇవాళ మనకి కుళాయి ఎప్పుడొస్తుందో కూడా కాస్త చెబుతారా?"