ఒక్క రౌండు పరుగుకు పదకొండు మందిమి

ఆటగాళ్ల కంటే అధికారులే ఎక్కువమంది విదేశాలకు వెళ్తున్నారని కొందరు పాఠకులు గుండెలు బాదుకుంటున్నారు. వారికి నా మనవి ఒక్కటే. ఇంకా ఎక్కువమంది వెళ్లాలి!

ఇది గాలికబురు కాదు, అనుభవం. మొన్న అంతర్జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలకు మా సంఘం తరఫున పరిగెత్తేవాడు ఒక్కడు వెళ్లాడు. వాడి వెంట పదకొండు మందిమి వెళ్లాం. ఆ పదకొండులో నేనొకణ్ణి. సంఘం అధ్యక్షుడికి స్వయానా బావమరిదిని. అంతకు మించిన అర్హత ఏం కావాలి?

అధ్యక్షుణ్ణి చూసుకోవడానికి కార్యదర్శి వచ్చాడు. కార్యదర్శి సంచులు చూసుకోవడానికి సహాయ కార్యదర్శి వచ్చాడు. డాక్టరుగా చర్మవ్యాధుల నిపుణుణ్ణి తీసుకెళ్లాం. నవ్వకండి, పరిగెత్తేవాడికి చర్మం ఉండదా?

కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. వాడిది నాలుగు వందల మీటర్ల పందెం, అంటే ట్రాక్ చుట్టూ సరిగ్గా ఒక్క రౌండు. అందరూ వాణ్ణి టికెట్టు అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ఒక సిటీ బస్సు కండక్టరమ్మ. మూడేళ్ల కిందట ఒక ఉదయం వీడు బస్సు అందుకోలేక, దాని వెనకే పరుగందుకుని, రెండు స్టాపుల తర్వాత ఎక్కాడట. టికెట్ ఎక్కడికని ఆవిడ అడిగితే, ఆయాసం లేకుండా జవాబు చెప్పాడట. వయసులో ఉండగా ఆవిడా పరుగు పందేలు గెలిచిన మనిషే. ఆ జవాబు విన్నాక ఊరుకోలేకపోయింది. మర్నాటి నుంచి డ్యూటీ ఎక్కేముందు స్కూలు మైదానంలో స్టాప్‌వాచీ పట్టుకుని వాడి చేత పరుగులు తీయించింది. ఎండనక, వాననక మూడేళ్లు. వాడు ఆవిణ్ణి అక్కా అంటాడు.

మరి ఆ అక్క ఎందుకు రాలేదంటారా? జట్టులో ఖాళీ లేదు. పదకొండు మందిలో ఎవరిని మానమంటారు, మీరే చెప్పండి!

టికెట్టు మొదటి హీట్‌లో గెలిచాడు. సెమీఫైనల్లో రొప్పుకుంటూ నాలుగో స్థానంలో వచ్చి, టైము బాగుండడం వల్ల ఫైనల్‌కు చేరాడు. ఆ విజయాన్ని మేం పదకొండు మందిమీ హోటల్ బఫేలో ఘనంగా జరుపుకున్నాం. వాడు తొందరగా పడుకున్నాడు.

ఫైనల్ రోజు పొద్దున చిక్కొచ్చి పడింది. వాడికి ఎనిమిదో లైను వచ్చింది. అది అన్నిటికన్నా బయటి లైను. వంపులో పెరిగే దూరం సరిచేయడానికి అక్కడివాణ్ణి అందరికన్నా ముందు నిలబెడతారు. మిగతా ఏడుగురూ వెనకే ఉంటారు, ఒక్కరూ కనబడరు. ఎవరూ కనబడకుండా ఎంత వేగంతో పోవాలో వాడికి తెలియలేదు. టిఫిన్ ప్లేటు ముట్టుకోకుండా మమ్మల్ని ఒక్కొక్కరినీ అడిగాడు.

మేం నిరాశపరచలేదు. దేశం పేరు నిలబెట్టమన్నాడు అధ్యక్షుడు. ముందుంటే మంచిదన్నాడు కార్యదర్శి. ఎండ తగలకుండా క్రీము రాసుకోమన్నాడు డాక్టరు. నన్నడిగితే, ఎడమవైపు తిరుగుతూ పొమ్మన్నాను. ట్రాక్ అటే కదా తిరిగేది!

వాడు అక్కతో మాట్లాడతానన్నాడు. వాడి ఫోను భద్రంగా కార్యదర్శి లాకర్లో ఉంది. తాళం కార్యదర్శి జేబులో ఉంది. అప్పటికే కార్యదర్శి పడవ షికారుకు బయల్దేరాడు. నేనే నా ఫోనిచ్చాను. అవతల ఆవిడ బస్సులో డ్యూటీ మీద ఉంది. హారన్ల మధ్య ఆవిడ గొంతు నాకూ వినబడింది.

"ఎవరూ కనబడకపోతే మరీ మంచిది. సగం దూరం ఇరవై రెండు సెకన్లలో పో, అంతకన్నా ఆత్రపడకు. చివరి వందలో భుజాలు బిగబట్టకు. అక్కడ అందరూ చస్తూనే ఉంటారు నాన్నా. నువ్వు కొంచెం నెమ్మదిగా చావు."

ఆ తర్వాత స్టాపు పేరు కేక వేసి ఫోను పెట్టేసింది. వాడు ప్లేటు దగ్గరకు లాక్కుని తిన్నాడు.

పందెంలో మూడు వందల మీటర్ల దగ్గర టికెట్టు ఆరోవాడు. అధ్యక్షుడు అప్పుడే పెదవి విరిచి, సంతాప ప్రకటనలాంటిదేదో రాసుకోమని నాకు చెప్పబోయాడు. అంతలో ముందున్నవాళ్ల తలలు వెనక్కి వాలాయి, అడుగులు బరువెక్కాయి. వీడి భుజాలు మాత్రం వదులుగానే ఉన్నాయి. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. ముగింపు గీత మీద మరొకడితో కలిసి ఒకేసారి పడ్డాడు. బోర్డు మీద వాడి పేరు మూడో స్థానంలో వెలిగేదాకా నేను కూర్చోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.

ఫొటోలో మేం పదకొండు మందిమీ పట్టాం. టికెట్టు మోచెయ్యి కూడా పడింది.

అప్పుడు విలేకరులు వచ్చి కోచ్ ఎవరని వాణ్ణి అడిగారు. బస్సులో ఉందండీ, డ్యూటీలో ఉంది అన్నాడు వాడు. పాపం, ఇద్దరు కెమెరాలు మోసుకుని స్టేడియం బయట బస్సులన్నీ వెతికొచ్చారు. మూడోవాడు మాత్రం తెలివైనవాడు. నా మెడలోని కార్డు వైపు చూశాడు. దాని మీద 'కోచ్' అని అచ్చేసి ఉంది.

జట్టులో కోచ్‌కు ఉన్నది ఒకే ఒక్క స్థానం. అధ్యక్షుడికి ఉన్నది ఒకే ఒక్క బావమరిది. లెక్క కుదిరింది.

ఎనిమిదో లైనుకు మీ వ్యూహం ఏమిటని అడిగాడు. టికెట్టు నా మొహంలోకి చూస్తున్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ వెనక అధ్యక్షుడు దగ్గాడు. అందరూ చస్తూనే ఉంటారు, నువ్వు నెమ్మదిగా చావు అని చెప్పానన్నాను. టికెట్టు తల దించుకుని బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు. టికెట్టు తల దించుకుని బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు.

తిరిగొచ్చాక ఒక రోజు ధైర్యం చేసి ఆవిడ బస్సెక్కాను. తిడుతుందనుకుని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. పేపరు సంగతే ఎత్తలేదు.

"వాడి పరుగు బూట్లు మీ ఆఫీసులో అందరూ చూడ్డానికని అద్దాల పెట్టెలో పెట్టారట కదండీ. వాడికున్నది ఆ ఒక్క జతే. వచ్చే నెల సెలక్షన్లున్నాయి. వాడు మామూలు చెప్పుల్లాంటి బూట్లేసుకుని తీస్తున్నాడు పరుగులు. కాస్త ఇప్పించండి."

పాఠకులారా, మా సంఘం అంత రాతిగుండెది కాదు. విషయం అధ్యక్షుడికి విన్నవించాను. ఆయన వెంటనే స్పందించాడు. పరిగెత్తేవాడికి బూట్లు నిజంగా అవసరమా కాదా అనేది సాంకేతిక విషయం కనుక, కోచ్ లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలన్నాడు.

మూడు వారాలుగా ఆలోచిస్తున్నాను.