మాటలెందుకు, లాగ్ ఉండగా

ఆగస్టు పదకొండు. ఆ మధ్యాహ్నం మేము ఉడికించిన గుడ్లు, కాల్చిన రొట్టె తిన్నాం. రొట్టె ఒక పక్క మాడింది, అది నా వాటా. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఒకే ఇంట్లో ఉండే మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం శుద్ధ దండగ అని నాకు జ్ఞానోదయమైంది ఆ రోజే.

కోపం తెచ్చుకోకండి. నిదానంగా చెబుతాను.

మా కోడలు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాస్తుంది. ఆఫీసు ఇంట్లోనే. నా గదికీ ఆమె గదికీ మధ్య ఒక్క గోడ. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు, అది తాను చేసే ప్రతి పనినీ ఒక వాక్యంగా రాసిపెట్టుకుంటుందట. దాన్ని లాగ్ అంటారు. వాళ్ల కంపెనీలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాయించారు. ఒకచోట "ఇక్కడిదాకా వచ్చా" అని ఉంటుంది. దాని కింద "ఇక్కడికి కూడా వచ్చా" అని. ఎవరొచ్చారు, ఎక్కడికొచ్చారు, ఎందుకొచ్చారు? దేవుడికే తెలియాలి. సైటు కూలిపోయిన రోజున ఈ రాతల్లో కారణం వెతకలేక పిల్ల ప్రాణం విసిగిపోయేది.

"అందుకే మావయ్యా, ఇప్పుడు అన్నిటికీ ఒకటే పద్ధతి పెడుతున్నా," అంది రొట్టె తుంచుతూ. "ఎప్పుడు, ఎవరు, ఏం జరిగింది, ఎంత ముఖ్యం. ఇవి లేకుండా ఒక్క లైను కూడా పడడానికి వీల్లేదు."

ఎంత ముఖ్యం అన్నదానికి స్థాయిలున్నాయి. మామూలు సంగతైతే ఇన్ఫో. ఏదో తేడాగా ఉంటే వార్నింగ్. పని ఆగిపోతే ఎర్రర్. ఎర్రర్ పడిందా, ఆమె ఫోను కుయ్యోమంటుంది. ఇన్ఫో పడితే ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు.

నాకు తెగ నచ్చింది. మా ఆవిడ ఉన్న రోజుల్లో మా ఇంటి లాగింగ్ ఎంత అధ్వానంగా ఉండేదని! వంటింట్లోంచి "అదిగో, మళ్లీ" అని వినపడేది. ఏది అదిగో? ఏమిటి మళ్లీ? సమయం లేదు, స్థాయి లేదు. అయినా నేను లేచి వెళ్లి కారుతున్న కుళాయి బిగించి వచ్చేవాణ్ణి. ఎలా అర్థమయ్యేదో నాకే తెలియదు. అందుకే దాన్ని శాస్త్రీయం అనలేను.

మర్నాటి నుంచే ఫోన్లో మా ఇంటి గ్రూపులో మొదలుపెట్టాను. "ఉదయం. మామ. టీ పెట్టాడు. ఇన్ఫో." "సాయంత్రం. మామ. మొక్కలకు నీళ్లు పోశాడు. ఒక కుండీ పగిలేలా ఉంది. వార్నింగ్."

"మా టీమ్ కన్నా మీరే నయం మావయ్యా," అని కోడలు మెచ్చుకుంది. "వాళ్లు ఇంకా 'వచ్చా' దగ్గరే ఉన్నారు."

మా అబ్బాయి మాత్రం, "నాన్నా, టీ పెట్టావని టీ ఇస్తే తెలుస్తుందిగా," అన్నాడు. వాడికి వ్యవస్థలంటే మొదట్నుంచీ గౌరవం లేదు.

లాగ్ తర్వాత కోడలిచ్చిన రెండో వరం ఉమ్మడి పెట్టె. తేదీ చూపించే చిన్న కోడ్ ముక్కను కూడా ప్రతి అప్లికేషన్‌లో విడివిడిగా రాసుకున్నారట. ఒకదాంట్లో నెల ముందు, ఇంకోదాంట్లో రోజు ముందు. మా కోడలు అలాంటివన్నీ ఏరి ఒక్కచోట పెట్టింది. ఎవరికి కావాలన్నా అందులోంచే వాడుకోవాలి. పూర్వం ఒక్కో అప్లికేషన్ ఒక్కో రోజు పాడయ్యేది. ఇప్పుడు పెట్టెలో ఒక్క అక్షరం తప్పు పడితే అన్నీ కలిసికట్టుగా పాడవుతున్నాయి. ఐకమత్యం అంటే ఇది కాదూ?

మా అబ్బాయికి తెలియకుండానే ఈ విద్య అబ్బింది. వాడి దగ్గర ఒక ఉమ్మడి జవాబుంది: "చూద్దాంలే." కుళాయి బాగుచేయించాలన్నా అదే, సెలవు పెడతావా అన్నా అదే. ఇంత పొదుపైన కోడ్ మా కోడలు కూడా రాయలేదు.

ఇంట్లో మాటల ఖర్చు బాగా తగ్గింది. కోడలు పళ్లెం తన గదిలోకే పట్టుకుపోయేది. "మీరు తినేయండి, ఏం తిన్నారో గ్రూపులో చూస్తా," అనేది. నేను తింటూ రాసేవాణ్ణి, రాస్తూ తినేవాణ్ణి. బల్ల చుట్టూ మిగతా కుర్చీలు ఖాళీగా ఉండేవి కాబట్టి ఫోను పెట్టుకోవడానికి చోటుకు కొదవలేదు.

లాగ్ పెరిగిపోతే జల్లెడ పట్టాలి. కోడలు తన ఫోన్లో నా ఇన్ఫోలు కనపడకుండా, ఎర్రర్ వస్తే మాత్రం మోగేలా పెట్టుకుంది. "అన్నీ భద్రంగానే ఉంటాయి మావయ్యా. కావాలంటే వెతుక్కోవచ్చు." ఎంత నిశ్చింత!

ఒక సోమవారం స్నానాల గదిలో నాకు కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని జారి కూర్చున్నాను. కాసేపటికి లేచాను. తల తుడుచుకుని పద్ధతి ప్రకారం రాశాను: "ఉదయం. మామ. స్నానాల గదిలో కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. తర్వాత లేచాడు." స్థాయి దగ్గర ఆగాను. పని ఆగిందా? ఆగింది. కానీ మళ్లీ నడిచింది. ఎర్రర్ అంటే మీటింగ్‌లో ఉన్న పిల్ల ఫోను కుయ్యోమంటుంది. గోడ అవతల ఆమె లాగింగ్ ప్రయోజనాల గురించి ఎవరికో చక్కగా వివరిస్తోంది.

ఇన్ఫో అని పెట్టాను.

ఆ శుక్రవారం కోడలు తన టీమ్‌కి పాఠం చెప్పింది. మంచి లాగ్ ఎలా ఉండాలో చూపించడానికి నా రాతలే తెర మీద పెట్టింది. టీ లైను దగ్గర నవ్వులు, మొక్కల లైను దగ్గర నవ్వులు. గోడ ఇవతల నేను కాలర్ సర్దుకున్నాను. వాళ్లలో ఒకావిడ టెస్టర్, అంటే తప్పులు పట్టే మనిషి. ఎక్కడో దూరాన ఉంటుంది. ప్రతి వాక్యాన్నీ అనుమానంగా చదవడమే ఆవిడ ఉద్యోగం.

"ఆ కింది లైను ఒకసారి పెద్దది చెయ్యండి," అంది. చదివి, "మీ మావయ్యగారికి ఇప్పుడెలా ఉంది?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడైంది. కోడలు నా గుమ్మంలో నిలబడింది.

"ఇది ఇన్ఫోనా మావయ్యా?"

"లేచానుగా అమ్మా."

"లేవకపోతే?"

"లేవకపోతే రాయలేను కదా."

ఆమె లోపలికి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. "గోడ మీద ఒక్క దెబ్బ కొడితే రానా నేను?"

"నువ్వు చెప్పిన పద్ధతిలో గోడ లేదమ్మా."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నేను వేసుకునే బీపీ మాత్ర మార్చాడు. అంతకుమించి ఏమీ లేదన్నాడు.

ఇప్పుడైనా ఒప్పుకోండి. గోడకు ఇటుపక్క కూలబడ్డ మనిషి సంగతి, ఎక్కడో దూరాన ఉన్న టెస్టర్ గుండా ప్రయాణించి, అదే వారంలో గోడకు అటుపక్కకు చేరింది. ఉత్త నోటిమాటకు ఇంత ప్రయాణం సాధ్యమా? ఒక్క అక్షరం పోలేదు. చదివేవాళ్లే లేరు, అంతే.

అయినా నా మాట వినేదెవరు? మా ఇంట్లో లాగింగ్ మూలపడింది. కోడలు పళ్లెం తెచ్చుకుని బల్ల దగ్గరే కూర్చుంటోంది. తిన్నంతసేపూ వాళ్ల మేనేజర్‌ని ఆడిపోసుకుంటుంది, దానికొక వరసా పద్ధతీ ఉండదు. మా అబ్బాయి "చూద్దాంలే" అంటే, "ఏం చూస్తావు, ఎప్పుడు చూస్తావు?" అని నిలదీస్తోంది. కుళాయి బాగుపడింది. క్రమశిక్షణ మాత్రం పూర్తిగా పోయింది.

పడుకోబోయే ముందు కోడలు నా గుమ్మం దగ్గరికి వస్తుంది.

"ఏమైనా ఉందా మావయ్యా?"

"ఏం లేదమ్మా."

నమ్మదు. నా ముఖంలోకి చూస్తూ ఇంకాసేపు నిలబడుతుంది. సమయం రాసుకోదు, స్థాయి అడగదు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు చేరవేస్తుంది.