ఛైర్మన్ గారి బండిలో చేదుపరిగె

మూడో సిలిండర్ ఇంజెక్టర్ ఊడదీసి ఇంజన్ని ఒక చుట్టు తిప్పగానే లోటాడు బురదనీళ్ళు చిమ్మి అల్లాబక్షు గడ్డాన్ని తడిపేశాయి. ఆపైన బంపర్ విప్పి చూస్తే, ఎయిర్ ఫిల్టర్‌ని కరుచుకుని వేలెడంత చేప ఒకటి చచ్చి ఉంది.

మామూలు బండైతే చేపని పిల్లికి విసిరి పనిలో పడేవాడు. కానీ అది డెల్టా ముంపు ఉపశమన కార్పొరేషన్ ఛైర్మన్ పిచ్చేశ్వరరావు గారి బండి. ముంపు లేని రోజుల్లో కూడా ముంపు గురించే బెంగపెట్టుకునే మహానుభావుడని ఆయనకి బందరు నుంచి నాగాయలంక దాకా పేరు.

ముప్పై ఏళ్ళుగా బందరులో డీజిల్ బళ్ళు బాగుచేస్తున్న అల్లాబక్షుకి నీళ్ళు తాగిన ఇంజన్ కొత్త కాదు. గాలి అణుగుతుంది, నీళ్ళు అణగవు. పిస్టన్ పైకొచ్చి నీళ్ళని గుద్దుకుంటే వంగేది కనెక్టింగ్ రాడ్డే. ఛైర్మన్ గారి రాడ్డు వంకాయ తొడిమలా వంగిపోయింది.

ఆ సోమవారం పదకొండు గంటలకల్లా కార్పొరేషన్ ప్రకటన వెలువడింది:

"ప్రజల కోసం ప్రాణాలకు తెగించి వరదలోకి దూసుకెళ్ళిన ఛైర్మన్ గారిపై జలకుట్ర జరిగింది. ఆయన వాహనానికి నీళ్ళు పట్టించి హతమార్చాలన్న పథకాన్ని ఆయన సమయస్ఫూర్తితో ఒక రైతు భుజం ఎక్కి భగ్నం చేశారు. దోషులు ఎంతటివారైనా, ఎంత చిన్నవారైనా వదిలేది లేదు."

ఎంత చిన్నవారైనా అన్న మాట అల్లాబక్షు రెండుసార్లు చదువుకున్నాడు. ఎందుకంటే ఇంజన్లోకి నీళ్ళు పీల్చిన గాలి పైపు బిగించింది తనే.

పైపు కథ గుడివాడలో మొదలైంది. రెండు నెలల కిందట ఛైర్మన్ గారు అక్కడ ఒక పెళ్ళికి వెళ్ళారు. బండి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. భోజనాల బల్లల దగ్గర ఒక్కరూ లేవలేదు. ఐదు నిమిషాల తర్వాత, ఆయన ఆశపడుతున్న ఎమ్మెల్యే టిక్కెట్టు మీదే కన్నేసిన గుడివాడ నాయకుడి బండి పులిలా గాండ్రిస్తూ వచ్చింది. పెరుగన్నం కలుపుతున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

"ఇంజన్‌కి బయట పైపు వేయించాడండి. గాలి ఎక్కువ పీలుస్తుంది, గట్టిగా అరుస్తుంది" అని డ్రైవర్ కమ్ పీఏ రాంబాబు కూపీ లాగి చెప్పాడు.

వారం తిరక్కుండా ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎర్ర పైపుతో ఇద్దరూ షెడ్డుకి వచ్చారు. అల్లాబక్షు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయ్యా, కంపెనీవాడు ఈ బండి గాలి పీల్చే ముక్కుని బానెట్ కింద, హెడ్‌లైట్ కన్నా ఎత్తులో పెట్టాడు. ఇది పెడితే ముక్కు బంపర్ వెనక్కి, మోకాలెత్తుకి దిగిపోద్ది. మోకాలి దగ్గర ముక్కున్న మనిషి కాలవ దాటగలడాండీ?"

"మనకి కాలవలతో ఏం పని అల్లాబక్షూ?" అన్నారు ముంపు ఉపశమన ఛైర్మన్ గారు. "అరుస్తుందా లేదా?"

"అరుస్తుందండి."

"బిగించు."

బిగించాడు. కానీ మనసు ఊరుకోక, బానెట్ లోపలివైపు తెల్ల పెయింటుతో 'నీళ్ళలోకి దింపరాదు' అని రాశాడు. ఛైర్మన్ గారు అది చదివి నొచ్చుకున్నారు.

"ముంపు ఛైర్మన్ బండి మీద ఈ మాటా! ఎవడన్నా ఫోటో తీస్తే నా పరువేం కావాలి?"

ఆ రాత మీద రాంబాబు ఛైర్మన్ గారి స్టిక్కర్ అతికించాడు. అప్పట్నుంచి బానెట్ ఎత్తినవాళ్ళకి ఇంజన్ కన్నా ముందు ఆయనే దణ్ణం పెడుతూ కనిపించేవారు.

ఇక ఆదివారం సంగతి. జూలైలో అల్పపీడనం అనగానే ఛైర్మన్ గారు దివిసీమలో ముంపు పర్యటన ప్రకటించారు. ఐదు టీవీ ఛానళ్ళు వచ్చాయి. రెండు వేల పులిహోర పొట్లాలు వచ్చాయి. అల్పపీడనం మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒడిశా వెళ్ళిపోయింది. అయినా ప్రజాసేవ ఆగలేదు. చినుకు పడకుండానే, కాలవ పక్కన రోడ్డు పల్లంగా ఉండే చప్టా మీద మోకాలు దాటి నీళ్ళు నిలిచాయి. ఛైర్మన్ గారి బండి గాండ్రిస్తూ అందులోకి దిగింది. సగంలో ఒకసారి దగ్గింది. మరి గాండ్రించలేదు. అక్కడే ఉన్న శోభనాద్రి అనే రైతు భుజమెక్కి, ఛైర్మన్ గారు కెమెరాలకి చెయ్యూపుతూ, "సముద్రం పొంగింది! నేను ముందే హెచ్చరించాను!" అన్నారు.

సోమవారం ప్రకటన వచ్చాక, మధ్యాహ్నానికి సీఐ ధర్మారావు షెడ్డు ముందు జీపు ఆపాడు.

"సాయిబు గారూ, పైపు ఎవరు బిగించారు?"

"నేనేనండి. వద్దు మొర్రో అంటూనే బిగించాను."

"మొర్రో అన్నట్టు సాక్షులున్నారా?"

"ఛైర్మన్ గారూ రాంబాబూ ఉన్నారండి."

"వాళ్ళు ఫిర్యాదుదార్లు. సాక్షులు కారు. చూడండి, నీళ్ళు ఎవరు తెచ్చారో నాకు తెలీదు. పైపు ఎవరు పెట్టారో తెలుసు. పోలీసన్నవాడు తెలిసినచోట మొదలెడతాడు. పేరు, తండ్రి పేరు చెప్పండి."

"సార్, మీ జీపు చేసేది నేనే కదండీ. నా పేరు తెలీదా?"

"తెలుసు కాబట్టే మీతో మొదలెట్టాను. శుక్రవారం దాకా టైమిస్తున్నాను. ఈలోగా అసలువాడు దొరికితే మీ పేరు కొట్టేస్తాను. దొరక్కపోతే మీరే అసలువాడు. అందాకా షెడ్డుకి తాళం." అని, బల్ల మీది చేపని లాఠీతో కదిపాడు. "ఇదేంటి?"

"ఇంజన్ ముందర దొరికిందండి."

"ఘటనాస్థలంలో ఉన్న ఒకే ఒక్క ప్రత్యక్ష సాక్షి! చచ్చిపోయిందా? అయ్యో. పాడవకుండా ఐసులో పెట్టండి."

ఇంటికెళ్ళి చెబితే భార్య జైతూన్ బీ అంతా విని ఒక్కటే అడిగింది. "చేపని ఐసులో పెట్టమన్నాడు సరే. మిమ్మల్ని ఎక్కడ పెడతాడంట?"

మంగళవారం పొద్దున్నే అల్లాబక్షు చేపని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఐసు కోసం గిలకలదిండి హార్బరుకి వెళ్ళాడు. చేపల వేలంపాట పాడే వీరదుర్గ డబ్బాలోకి తొంగిచూసి పకపకా నవ్వింది.

"ఏంటి బాబాయ్, సముద్రం ఒడ్డుకొచ్చి మాకు చేపలు చూపిస్తున్నావా?"

"ఇది సముద్రం పొంగినప్పుడు బండిలోకి వచ్చిందమ్మా."

"ఎవడా అన్నది? ఇది చేదుపరిగె. కాలవ చేప. కూరలో పడ్డాక తప్ప ఇది ఉప్పు మొహం చూడదు."

అల్లాబక్షు ఐసు సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాడు. వాన లేదు. సముద్రం కాదు. కాలవ. కాలవ తనంతట తను రోడ్డెక్కదు. ఎవరో షట్టర్ ఎత్తాలి.

బుధవారం దివిసీమ బస్సెక్కాడు. చప్టాకి ఎగువన, కాలవ తూము మీద, షట్టర్లు ఎత్తి దించే లస్కరు ఇస్సాకు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. అల్లాబక్షు వచ్చిన పని చెప్పేసరికి కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"ఫోనొచ్చింది బాబాయ్. 'ఆదివారం పొద్దున్నకి చప్టా మీద బండి టైర్లు మునగాలి' అన్నారు. ఎత్తాను."

"ఎవరన్నారు?"

"చెప్తే నా ఉద్యోగం పోద్ది."

"చెప్పకపోతే నేను లోపలికి పోతాను ఇస్సాకూ."

"అదే ఆలోచిస్తున్నా బాబాయ్. ఎంత ఆలోచించినా చెప్పకూడదనే అనిపిస్తంది."

అల్లాబక్షు నీరసంగా గట్టు దిగుతుంటే ఎదురుగా శోభనాద్రి, ఛైర్మన్ గారిని మోసిన భుజానికి బామ్ రాసుకుంటూ వస్తున్నాడు. అతని వెనక చేలల్లో నారుమళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి.

"ఏడేళ్ళయిందండీ, ఈ శివారు భూములకి జూలైలో కాలవనీళ్ళు చూసి" అన్నాడు శోభనాద్రి. "అర్జీలు పెట్టాం, ధర్నాలు చేశాం. ఇచ్చినోడు లేడు. మొన్న చప్టా మీంచి పొర్లిన నీళ్ళకి మూడొందల ఎకరాల నారు బతికింది. షట్టర్ ఎత్తించిన పుణ్యాత్ముడెవరో తెలిస్తే శాలువా కప్పుదామని తిరుగుతున్నాం. ఒక్కడూ నేనే అనడేంటండీ?"

అల్లాబక్షు ఆగాడు. పాత ఇంజన్ ఎక్కడ కొట్టుకుంటోందో దొరికినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో అలా అయింది.

"శోభనాద్రి గారూ, ఆ శాలువా శుక్రవారం పొద్దున కప్పండి. ఫ్లెక్సీ నేను వేయిస్తాను."

బావమరిది వాజిద్‌ది ఫ్లెక్సీల షాపు. గురువారానికల్లా బందరు సెంటర్లో పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. 'ఏడేళ్ళ దాహం తీర్చిన జలదాతకు శివారు రైతుల ఘన సన్మానం. శుక్రవారం, చప్టా వద్ద. అందరూ ఆహ్వానితులే.' నడుమ ఫోటో కోసం మనిషెత్తు చదరం. ఆ చదరం ఖాళీగా, తెల్లగా ఉంది.

రాంబాబు టీ గ్లాసు పట్టుకుని దాని కిందే నిలబడిపోయాడు.

"అల్లాబక్షు బాబాయ్, ఆ ఫోటోలో ఎవరు?"

"ఇంకా తెలీదయ్యా. గుడివాడ నుంచి ఎవరిదన్నా ఫోటో వస్తుందేమోనని వాజిద్ చోటుంచాడు."

రాంబాబు టీ సగంలో వదిలేశాడు. పిచ్చేశ్వరరావు గారి నలభై ఏళ్ళ ప్రజాజీవితంలో ఆయన చూస్తుండగా ఒక ఫ్లెక్సీలో చోటు ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదని వంటమనిషి తర్వాత చెప్పింది.

శుక్రవారం చప్టా పక్కన షామియానా వేశారు. వేదిక మీద ఖాళీ కుర్చీ, శాలువా, వరినారుతో కట్టిన దండ. ముందు వరసలో అల్లాబక్షు, పక్కనే సీఐ ధర్మారావు. సీఐ ఒళ్ళో బేడీలు.

"పదింటిదాకానే సాయిబు గారూ" అన్నాడు సీఐ, వాచీ చూసుకుంటూ. "మా జీపు బ్రేకులు కూడా ఓసారి చూసి పెడదురు, స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు."

పది నిమిషాలు తక్కువ పదికి ఛైర్మన్ గారు అద్దె కారులో వచ్చారు. చప్పుడు లేని కారు. ఒక్కరూ లేవలేదు. ఆయన దిగి, ఖాళీ కుర్చీ వంక చూసి, వెళ్ళి మూడో వరసలో కూర్చున్నారు. పెద్దవాళ్ళు ఎంత ఒదిగి ఉంటారో చూడండి.

సరిగ్గా అప్పుడే దూరంగా, గుడివాడ రోడ్డు వైపు నుంచి, గాండ్రింపు వినిపించింది. జనం తలలు తిప్పారు. ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు కూడా.

ఛైర్మన్ గారు మరి ఆగలేదు. రెండు వరసల కుర్చీలు తన్నుకుంటూ వేదికెక్కి మైకు లాక్కున్నారు. జనం వైపు తిరిగి ఉన్నారు కనక, సైలెన్సర్ ఊడిన ట్రాక్టరొకటి నారుకట్టలతో వేదిక వెనకనుంచి గాండ్రిస్తూ వెళ్ళిపోవడం ఆయన చూడలేదు.

"నేను! ఆ షట్టర్ ఎత్తించింది నేను! శనివారం సాయంత్రం ఇస్సాకుకి ఫోన్ చేసింది నేను!"

కాలవ గట్టు మీద కూర్చుని చూస్తున్న ఇస్సాకు మళ్ళీ కాళ్ళు వేలాడేశాడు. సీఐ నోట్‌బుక్ తీశాడు. శోభనాద్రి శాలువా మడత విప్పబోయి ఆగాడు.

"కోపగించుకోకండి. గుడివాడ వాళ్ళొచ్చినా ఇదే మాటంటారు కదండీ. రేపు మమ్మల్నెవరన్నా అడిగితే ఏం చూపించమంటారు? సాక్ష్యం ఏదన్నా ఉందాండీ?"

"సాక్ష్యమా!" ఛైర్మన్ గారి గొంతు షామియానా కర్రల్ని కదిలించింది. "సాక్ష్యం నా బండి! వాన రాలేదు, నీళ్ళు లేకపోతే వెళ్ళిపోతామని టీవీవాళ్ళంటే నీళ్ళు పెట్టించింది నేను. ఆ నీళ్ళలోకి దింపమని రాంబాబు వీపు మీద చరిచింది నేను. గుడివాడ వాడి దగ్గర ఉంది ఉత్త పైపు! నా పైపులోకి మీ కాలవ వెళ్ళింది! ముక్కు మోకాలికి దిగిపోద్దయ్యా అని ఈ అల్లాబక్షు నెత్తీనోరూ బాదుకున్నా బిగించమన్నది నేను. నీళ్ళలోకి దింపరాదని రాసి పెడితే, దాని మీద నా ఫోటో అతికించింది నేను. కావాలంటే ఆ స్టిక్కర్ పీకి చూసుకోండి, రాత కిందే ఉంటుంది! సీఐ గారూ, రాసుకోండి, ఒక్క అక్షరం వదలకుండా రాసుకోండి. ఆ ఇంజన్ని చంపింది నేనే, నేను ఒక్కణ్ణే. ఇందులో ఇంకెవడికీ వాటా లేదు. ఇప్పుడు కప్పండి శాలువా!"