ఇంటికో రోబో

ఆదివారం పొద్దున్నే నల్లగొండలో బస్సెక్కిన మల్లికకు ఉన్న ఆలోచన ఒక్కటే. పది కుటుంబాలతో పది చిన్న రోబోలు చేయించి, ఫొటోలు పై ఆఫీసుకు పంపి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. ఆమె కేతేపల్లి అవతల ఓ ఊళ్లో సైన్సు టీచరు. పిల్లలతోపాటు తల్లిదండ్రులకూ ఎలక్ట్రానిక్స్ నేర్పమని ఆదేశం వచ్చింది. వెంటే మోటారు, చక్రాలు, బ్యాటరీ సెల్లులు ఉన్న పది అట్టపెట్టెలు వచ్చాయి.

బస్సు దిగేసరికి బడి ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గేటు నుంచి స్టాఫ్ రూమ్ దాకా, యూరియా కోసం పెట్టినట్టు, చెప్పుల వరుస. చెప్పులవాళ్లంతా గోడ నీడన కూర్చున్నారు.

"ఏంది మారయ్యా గిదంతా?" అటెండరును అడిగింది.

"మీరు చెప్పినట్టే పంచాయతీ మైకుల చెప్పిన మేడం. ఇంటిల్లిపాది వచ్చి రోబో చేస్కొని ఉత్తగనే పట్కపోవాలె అని. గాలికి సగమే ఇనవడ్డదట. రోటవేటర్లు పంచుతున్రని పక్కూర్లకు గూడ పోయింది."

"కాదని చెప్పకపోయినవా?"

"చెప్పిన. చుట్టాలకు దాస్తున్ననని కొట్టనీకొచ్చిన్రు."

అంతలో గుర్వయ్య అనే రైతు ట్రాక్టరు దిగి వచ్చాడు. "లోపలున్నయా మేడం? తగిలిచ్చుకొని పోత."

"దున్నే రోటవేటర్ కాదు పెద్దాయనా, రోబో."

"మోటారుంటదా?"

"ఉంటది."

"డీజిలా, కరెంటా?"

"సెల్లుతోని నడుస్తది," అంది మల్లిక. ఆమె నిజమే చెప్పింది, అదే తప్పయింది. డీజిల్ అక్కర్లేని రోటవేటర్లు వచ్చాయన్న మాట చివరి చెప్పు దాకా పాకింది. ఫోన్లు మోగాయి. ఇంకొన్ని ట్రాక్టర్లు వచ్చాయి. సర్పంచి కొబ్బరికాయతో వచ్చి, లోపల ఏముందో అడగకుండానే కొట్టి, వీటికోసం తానెంత తిరిగాడో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇక లాభం లేదని మల్లిక పెట్టె విప్పి బొటనవేలంత మోటారును ఎత్తి చూపింది. సర్పంచి ఫోను చెవికి ఆనించుకొని గేటు దాటేశాడు.

"గిది నా చెల్క దున్నుతదా?" గుర్వయ్య గొంతు లేచింది. జనం ముందుకు జరిగారు. మల్లిక గోడ దాకా వెనక్కి జరిగింది. పారిపోవడానికి ఓపిక కూడా లేదు.

"జర ఆగుర్రి!" అంది బీరమ్మ. గొర్రెలు కాసుకునే మనిషి. ఆమెకు ట్రాక్టరు లేదు. అయినా పంచేదేదో తెచ్చుకుందామని మనవరాలితో కోడికూతకే వచ్చింది. మొదటి చెప్పులు ఆమెవే. "యూరియ లైన్ల నా వంతొచ్చేసరికి ఎప్పుడూ అయిపోతది. ఇయ్యాల నేనే ముందున్న. ఉన్నదేదో నాకియ్యి బిడ్డా."

మల్లిక ఆమె చేతే తీగలు సెల్లుకు తాకించింది. చక్రం గిర్రున తిరిగింది. బీరమ్మ ఉలిక్కిపడి చేయి లాక్కుంది. మళ్లీ తాకించి, "నా చేతుల్నే తిరిగింది!" అని మనవరాలికి చూపించి నవ్వింది.

"నా పెట్టేది?" అన్నాడు గుర్వయ్య. చక్రాలు బిగించి వదిలితే అతని రోబో వెనక్కి నడిచింది. జనం గొల్లుమన్నారు. తీగలు అటుదిటు మార్చమంది మల్లిక. మార్చగానే ముందుకు పరుగెత్తింది. ఆ తర్వాత అతను బీరమ్మతో పందెం కట్టాడు. పది పెట్టెలకూ ఊళ్లవారీగా జట్లు లేచాయి. ఒక్కరినీ ఇంటికి పంపడం మల్లిక వల్ల కాలేదు.

పొద్దుగూకేవేళ, ఫొటోలు పంపాక బస్టాపులో ఫోను మోగింది. పై ఆఫీసరు.

"మిగతా బడులల్ల పదిమంది గూడ రాలేదమ్మా. మీ ఫొటోల్ల జాతర కనవడ్తాంది! ఇగ ప్రతి ఐతారం ఒక్కో ఊర్ల మీరే చెయ్యాలె."

అప్పటినుంచి ఆదివారం వస్తే చాలు, మల్లిక సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది.