తొంభై ఆరు చుక్కలు, ఒక కుర్చీ

ఆ పొద్దున్న అమ్మాయి వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. తొమ్మిదింటికి కూర్చోవాలి, ప్లాస్టిక్ ప్లేటులోని తొంభై ఆరు బుల్లి గుంటల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క మందు వేయాలి, లేవాలి. వేసవి రెండు నెలలూ పరాయి దేశపు ప్రయోగశాలలో చేసిన చాకిరీకి అదే ఆఖరి మెట్టు. మర్నాడు అందరి ముందూ ఫలితం చూపించాలి, ఎల్లుండి విమానం ఎక్కాలి. మందు మూడు ప్లేట్లకు సరిపడానే మిగిలింది. అది నీళ్ళలా ఉంటుంది, ఏ గుంటలో పడిందో కంటికి ఆనదు. నోట్లో లెక్కే దిక్కు.

ముప్పై ఏడో చుక్క దగ్గర తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ తన కాఫీ కప్పు వెతుక్కుంటూ వచ్చారు. అమ్మాయి దిగ్గున లేచి నిలబడింది. ఏం చేస్తుంది మరి? నాన్న హెడ్మాస్టరు. గురువుగారు గదిలోకొస్తే ఆ కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఆయన కప్పు తీసుకుని వెళ్ళారు, లెక్క కూడా ఆయన వెంటే వెళ్ళింది. ముప్పై ఏడా, ముప్పై తొమ్మిదా? మొదటి ప్లేటు చెత్తబుట్టలో పడింది.

గుమ్మం దాటినాయన ఏదో అనుమానంతో వెనక్కి వచ్చారు. ఆమె మళ్ళీ లేచింది.

"రెండు నెలల్నుంచి చూస్తున్నానమ్మా, నిమిషం కుదురుగా కూర్చోలేకపోతున్నావు. నడుం నొప్పా?"

పెద్దాయన అంత ఆప్యాయంగా అడిగితే కాదని ఎలా అంటుంది? "కొంచెం సార్," అంది. అక్కడే కొంప మునిగింది.

అరగంటలో ప్రొఫెసర్ కొత్త కుర్చీ తోసుకుంటూ వచ్చారు. దానికి చక్రాలు, మీటలు, మెడకో దిండు. స్వయంగా తెచ్చారు కాబట్టి అమ్మాయి ఇంకా నిటారుగా నిలబడింది. రెండో ప్లేటు అరవై ఒకటి దగ్గర పోయింది. ఆయన వెళ్ళారనుకుంటే భద్రతాధికారిణి టేపు పట్టుకుని దిగింది. మోకాలి నుంచి మడమ దాకా కొలిచి, నాలుగు పేజీల ఫారం నింపి, "సాయంత్రం నాలుగు తర్వాత నువ్వు బల్ల దగ్గర కనబడకూడదు. విశ్రాంతి," అని తేల్చేసింది.

అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. మిగిలింది ఒక్క ప్లేటు. నాన్నకు ఫోన్ చేసింది.

"నాన్నా, ఈ ఒక్క పూట సార్ వచ్చినా లేవను. లేస్తే నా రెండు నెలల పనీ మట్టిలో కలిసిపోతుంది."

"ఎంతమంది చూస్తారు?" అడిగారాయన.

"ఇక్కడ నాతో పనిచేసేవాళ్ళు, ఆరుగురు."

"సరే, కూర్చో. మనసులో మాత్రం లేచి నిలబడు."

పక్క బల్ల పరిశోధకురాలు ఏమైందని అడిగితే ఉన్నదంతా చెప్పేసింది. "అంటే నొప్పి లేదా? ఇన్నాళ్ళూ మర్యాదకి లేస్తున్నావా?" అని ఆవిడ తెల్లబోయింది. తామెవరూ ఒక్కసారైనా లేవలేదే అని తెగ నొచ్చుకుని, వెళ్ళి మిగతా ఐదుగురి చెవుల్లో ఊదింది.

మూడున్నరకు తొంభయ్యో చుక్క పడింది. తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్, ఆయన వెనకే సంస్థ డైరెక్టర్. లేవబోతున్న కాళ్ళను అమ్మాయి కుర్చీ కాలికి మెలేసి పట్టింది. తొంభై ఒకటి. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. తొంభై రెండు. ఓరకంట చూస్తే ఆరుగురూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు, ఆమె పద్ధతిని గౌరవిస్తూ. గది మొత్తంలో కూర్చున్నది తనొక్కతే. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నాన్న చెప్పినట్టు మనసులో లేచి నిలబడి, తొంభై ఆరు దాకా వేసేసింది.

ప్రొఫెసర్ నిలబడ్డ ఆరుగురినీ, కూర్చున్న ఒక్కదాన్నీ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖం వెలిగింది.

"చూశారా," అన్నారు డైరెక్టర్‌తో, "పాత కుర్చీల్లో ఆరుగురూ కూర్చోలేకపోతున్నారు. కొత్త కుర్చీలో ఈ అమ్మాయి కదలట్లేదు. ఇంత స్పష్టమైన ఫలితం ఈ వేసవిలో నేను చూడలేదు."

ఆరు కుర్చీలకు ఆ సాయంత్రమే ఆర్డరు వెళ్ళింది. మర్నాడు అమ్మాయి ఫలితం చూపించగానే ఆరుగురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ నిట్టూర్చి, ఆర్డరులో కుర్చీకో దిండు అదనంగా రాయించారు.