చింతపండుతో తోమిన కొండ

శుక్రవారం పొద్దున తన్మయి ప్లాన్ సింపుల్. చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో స్నానం, ఇడ్లీ, ఆపైన మూడు రాళ్ళున్న డబ్బా పట్టుకుని వన్-నార్త్‌లో ఆఫీసుకి. సుమత్రాలో ఒక రాగి కొండ హక్కుల్ని ఆమె కంపెనీ ఆరోజే కొనబోతోంది. నిన్న ఎయిర్‌పోర్టులో దిగిన ఆ శాంపిల్ రాళ్ళని బాస్ వెంకటేశ్వర రావు ఆమెకే అప్పగించాడు. ఈ పరాయి దేశంలో ఉద్యోగం చేసుకోవడానికి కావాల్సిన ఆమె వర్క్ పాస్ రెన్యూవల్ కూడా ఆయన చేతిలోనే ఉంది.

కొండకి పెద్ద చరిత్రే ఉంది. అరవై ఏళ్ళలో మూడు కంపెనీలొచ్చాయి. ప్రతి కంపెనీ పైనున్న పచ్చటి రాళ్ళు చూసి, అది రాగి చిలుమేనని మురిసింది, డ్రిల్లింగ్ చేసింది, లోపల రాగి తగలక వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు "ముందువాళ్ళు తప్పు చోట తవ్వారు" అని రాసుకున్నారు. ఈరోజు మీటింగ్ కోసం తన్మయి చేసిన స్లైడ్స్‌లోనూ అదే వాక్యం. ఫాంట్ మాత్రం కొత్తది.

స్నానం చేసి వచ్చేసరికి సింక్ పక్కన రాగి చెంబు, పంచపాత్ర, మూడు రాళ్ళు వరసగా ఆరుతున్నాయి. రాళ్ళు బూడిదరంగులో, పరమ శుభ్రంగా ఉన్నాయి.

"అమ్మా! ఏం చేశావ్?"

"చిలుము పట్టి ఉన్నాయే. పూజ సామాన్లతో పాటు చింతపండు, ఉప్పు వేసి తోమేశా," అంది శ్యామలాదేవి. ఒంగోలు నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చి, ఆవిడ ఇల్లంతా తోముతోంది.

"ఆ పచ్చదనం చూసే కొండ కొంటున్నారమ్మా!"

"చిలుము చూసి కొంటారా? ఎవరే ఆ తెలివైనోళ్ళు?"

తన్మయి బాల్కనీలోకి వెళ్ళి బాస్‌కి ఫోన్ మీద ఫోన్ చేసింది. ఎత్తలేదు. తిరిగొచ్చేసరికి అమ్మ డబ్బా మూసి, టేపు కూడా వేసేసింది. "ఏడవకు. సరిచేశాలే, వెళ్ళు."

ట్రైన్‌లో పక్కావిడ డబ్బా వైపు ఆకలిగా చూసింది. తన్మయికి వాసన అప్పుడు తెలిసింది. పాండన్ ఎసెన్స్. ఇక్కడ కేకుల్ని పచ్చగా చేసేది. టేపు లాగి చూస్తే రాళ్ళు చిలకపచ్చగా నవ్వుతున్నాయి.

ఆఫీసు లిఫ్ట్ దగ్గరే బాస్ డబ్బా లాక్కున్నాడు.

"సర్, ఒక్క మాట..."

"తర్వాతమ్మా, తర్వాత."

మీటింగ్ రూమ్‌లో కంపెనీ జియాలజిస్టు, హైదరాబాదీ మజీద్ అంకుల్, ఒక రాయి ఎత్తి వాసన చూశాడు. "ఏం బేటీ, కొండ మీద బేకరీ ఉందా?" తడి టిష్యూతో తుడిచాడు. టిష్యూ పచ్చబడింది. బాస్ మొహం తెల్లబడింది.

"రంగేశావా తన్మయీ?"

ఉద్యోగం పోవడం ఎలాగూ ఖాయం కాబట్టి తన్మయి నిజం చెప్పేసింది. "మా అమ్మ చింతపండుతో తోమింది సర్. తర్వాత నా మొహం చూసి జాలిపడి రంగేసింది."

"తోమితే పచ్చదనమంతా పోయిందా? పూర్తిగా?" అన్నాడు మజీద్.

"పూర్తిగా అంకుల్."

ఆయన సుత్తి తీసి రాయి పగలగొట్టాడు. లోపల బూడిదరంగు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"రావు గారూ, ఆ పచ్చదనం ఈ రాళ్ళలో పుట్టింది కాదు. ఎక్కడి నుంచో నీళ్ళు మోసుకొచ్చి పూసిన పూత. ఆ మూడు కంపెనీలూ తప్పు చోట తవ్వలేదు. అక్కడ తవ్వడానికేం లేదు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరూ పగలగొట్టి చూడలేదా?"

"పచ్చగా ముద్దొస్తుంటే ఎవరికి మనసొప్పుతుంది సాబ్?"

వెంకటేశ్వర రావు కొనుగోలు కాగితాలు నెమ్మదిగా సొరుగులో పెట్టి, లాప్‌టాప్ తెరిచి తన్మయి వర్క్ పాస్ రెన్యూవల్ బటన్ నొక్కాడు. "స్లైడ్స్ బాగున్నాయమ్మా. ఆ ఒక్క వాక్యం తీసెయ్."

సుమత్రాలో ఆ కొండ మాత్రం నాలుగో కంపెనీ కోసం పచ్చగా ఎదురుచూస్తోంది.